నడినీళ్లలో గృహప్రవేశం

ఈ మధ్య ఫంక్షన్లలో ప్లాస్టిక్ కుర్చీలకు గౌన్లు తొడుగుతున్నారు. తెల్లటి గౌను, నడుముకు ఎర్ర పట్టీ, వెనకాల సీతాకోకచిలుకలాంటి ముడి. దావత్‌కు వచ్చినవాళ్లందరిలోకీ ఇస్త్రీ బట్టలు వేసుకున్నది కుర్చీ ఒక్కటే. కూర్చుంటే జారుతుంది. కూర్చోకపోతే చిన్నబుచ్చుకున్నట్టు కనిపిస్తుంది. దాని మీద చారు చుక్క పడితే టెంట్ హౌస్ మనిషి చూసే చూపుతో, పెళ్లిలో అలిగిన అల్లుణ్ని కూడా ఎవరూ చూసి ఉండరు.

కుర్చీల గురించి మాట్లాడే అర్హత నీకేముందని మీరు అడగవచ్చు. ఉంది. ఒక ఊరంతా కూర్చునేన్ని కుర్చీలను తీసుకుపోయి, రిజర్వాయరు ఒడ్డున దింపి, చేపలకు ఎదురుగా వరుసల్లో వేయించిన ఘనత జిల్లాలో నాకొక్కడికే ఉంది. అందులో ఎవరి కుట్రా లేదు. పూర్తిగా నా చదువు ఫలితం.

అప్పుడు నేను బీటెక్ ముగించి, హైదరాబాద్‌లో కొన్నాళ్లు వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుని, తాత్కాలికంగా కొత్తకోటకు వచ్చి ఉన్నాను. తాత్కాలికం అన్న మాటను మా బాపు మొదటి నెలలోనే నమ్మడం మానేశాడు. హైవే పక్కన టెంట్ హౌస్ నడిపే ఖాజా చాచా ఆయనకు చిన్ననాటి దోస్తు. ఒక సాయంత్రం ఇద్దరూ చాయ్ తాగుతూ నా భవిష్యత్తు తేల్చేశారు.

"మావోడు కంప్యూటర్ మీద మస్తు పని జేస్తడు ఖాజా. ఇంట్ల కూసొని చేస్తడు గావట్టి మాకు కనపడుతలేదు" అన్నాడు బాపు.

"గట్లయితే నా దుకాన్ల కూసొని చెయ్యమను. నాకన్న కనపడుతది" అన్నాడు చాచా.

అలా నేను టెంట్ హౌస్‌కు ఇంజినీరునయ్యాను.

అప్పటిదాకా ఆ దుకాణంలో సామాను చేరవేసే పద్ధతి ఎలా ఉండేదో చెప్పాలి. దావత్ ఉన్నవాళ్లు ఫోన్ చేసి ఇలా చెప్పేవారు: "మా ఊర్లకు రాంగనే పోచమ్మ గుడి వస్తది సేటు. గది దాటినంక పగిలిన నీళ్ల ట్యాంకు. గాడ ఒక బర్రె కట్టేసి ఉంటది. గా బర్రె ఎదురుగ్గ ఉన్న ఇల్లే మాది."

"బర్రె లేకపోతే ఎట్లా చాచా?" అని అడిగాను.

"బర్రె యాడికి పోతది బేటా? పాలు పిండే యాళ్లకు వస్తది గదా."

ఈ బర్రె కబురు పట్టుకుని డీసీఎం బండి నడిపే యాదగిరి బయలుదేరేవాడు. యాదగిరిది నల్లగొండ దిక్కు, కట్టంగూరు. ఇక్కడి పిల్లను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. పాలమూరు దారులు అతనికి తెలియవు, తెలుసుకోవాలన్న తొందరా లేదు. చౌరస్తా కనిపిస్తే బండి ఆపేవాడు, అడిగేవాడు. అడిగితే చాయ్ పోసేవారు. చాయ్ తాగితే బీడీ ముట్టించాలి. బీడీ ముట్టిస్తే వాళ్ల మేనత్తది కట్టంగూరేనని తేలాలి. ఇన్ని జరిగినా సామాను ఎన్నడూ ఆలస్యం కాలేదన్న సంగతి నేను గమనించలేదు. గమనించి ఉంటే ఇంజినీరును ఎందుకవుతాను?

నేను వెబ్‌సైట్ చేశాను. దావత్ వాళ్లు తమ చిరునామా డబ్బాల్లో నింపాలి. ఇంటి నంబరు, వీధి, ఊరు, మండలం, పిన్‌కోడ్. కంప్యూటర్ ఆ చిరునామాను అక్షాంశం, రేఖాంశం అనే రెండు అంకెలుగా మార్చి మ్యాప్ మీద ఎర్ర సూది గుచ్చుతుంది. దీన్ని జియోకోడింగ్ అంటారు. ఆ సూది యాదగిరి ఫోన్‌కు వెళ్తుంది, ఫోన్ దారి చెబుతుంది, బండి పోతుంది. మధ్యలో చాయ్ లేదు, బీడీ లేదు, మేనత్త లేదు.

మొదటి రోజే చాచాకు చూపించాను. మ్యాప్ తెరిస్తే తెల్లగా ఉంది.

"గిదేంది బేటా, పత్తి మార్కెటా?"

"కాదు చాచా." నేను దగ్గరికి వంగి చూశాను. అక్షాంశం రాయాల్సిన చోట రేఖాంశం, రేఖాంశం చోట అక్షాంశం రాశాను. మహబూబ్‌నగర్ జిల్లా మొత్తం ఉత్తర ధ్రువం పక్కన పడింది. "మంచు."

చాచా రుమాలుతో మెడ తుడుచుకుని చాలాసేపు చూశాడు. "ఎండకాలం అయ్యేదాక గిట్లనే ఉండనియ్యరాదు" అన్నాడు.

పాలమూరును వెనక్కి తెచ్చాక రెండో తగాదా వచ్చింది.

"ఆనవాలు రాసే డబ్బా యాడుంది?" అన్నాడు చాచా.

"తీసేశాను. గుడులు, బర్రెలు, చెట్లు రాస్తారు చాచా. దానితో కంప్యూటర్ పాడైతది."

"బర్రెతోని కంప్యూటర్ పాడైతదా?"

"ఇంటి నంబరు ఉన్నంక ఆనవాలు ఎందుకు?"

"ఇంటి నంబరు ఎవనికి ఎరుక బేటా? మా ఇంటి నంబరు నాకే ఎరుక లేదు. కరెంటు బిల్లు మీద ఉంటది గావచ్చు."

నిజంగానే ఎవరికీ ఎరుక లేదు. జనం తోచిన ముక్క రాసేవారు. కంప్యూటర్‌కు అర్థం కానప్పుడు మండలం నడిమధ్యలో ఎక్కడో సూది గుచ్చి చేతులు దులుపుకునేది. ఆ నడిమధ్య ఎప్పుడు చూసినా పల్లీ చేనే. ఆ లెక్కన జిల్లాలో పెళ్లిళ్లన్నీ పల్లీ చేలలో జరగాలి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను. కుందేలును వదల్లేదు, నాలుగో కాలు కోసం ఉపాయం ఆలోచించాను. చిరునామా డబ్బాల పైన ఎర్ర అక్షరాలతో ఒక వాక్యం పెట్టాను: "ఆధార్ కార్డులో ఉన్నట్టుగా రాయండి."

నా జీవితంలో అంతగా మురిసిపోయి రాసిన వాక్యం ఇంకొకటి లేదు. ఇంటి నంబరు నుంచి పిన్‌కోడ్ దాకా అన్నీ సర్కారే అచ్చేసి ఇచ్చింది కదా.

ఇక్కడ ఒక మాట. మా దిక్కు చిరునామా వేరు, ఇల్లు వేరు. చిరునామా అంటే దఫ్తర్లలో, బ్యాంకుల్లో, రేషన్ దుకాణంలో అడిగితే చూపించేది. దాని పని కాగితాల మీద ఉండటం. ఇల్లు అంటే మనుషులు ఉండేది. దానికి పోవాలంటే అడగాలి. ఈ రెండింటికీ చుట్టరికం ఉండాలని ఎవరూ అనుకోరు. బొంబాయిలో పనికి పోయినప్పుడు తీసుకున్న కార్డు పట్టుకుని ఇక్కడ హాయిగా బతుకుతున్నవాళ్లు ఎంతోమంది. ఇదంతా పుట్టుక నుంచీ చూస్తున్నా నాకు తట్టలేదు. నా బుర్రకు సిగ్నల్ అప్పుడప్పుడే అందుతుంది.

అలాంటి రోజుల్లో నర్సింలు దుకాణానికి వచ్చాడు. నలభై ఏళ్ల రైతు. వచ్చే ఆదివారం గృహప్రవేశం. తెల్లారుజామున పాలు పొంగిస్తారు, మధ్యాహ్నం దావత్. షామియానా, కుర్చీలు, వంటకు బగోనలు, పొయ్యిలు అన్నీ మనవే.

"జర యాళ్లకు రావాలె సారూ. మా చుట్టాలంత ఏమంటున్నరంటే, గా కాలనీ ఒక ఊరేనా, గాడికొస్తె మీరు అన్నం గూడ పెట్టలేరు అంటున్నరు. కాలనీల గిదే మొదటి దావత్. పన్నెండు గొట్టంగ అందరు దిగుతరు. అప్పటికి విస్తరాకుల అన్నం లేకపోతే మా అవ్వ ఇగ నా మొఖం చూడది."

"నీకెందుకు ఫికర్? ఆధార్ కార్డు ఇయ్యి."

ఇచ్చాడు. నేను టైపు చేయడం మొదలుపెట్టాను.

"సారూ, కాలనీ యాడుందంటే..."

"నువ్వు చెప్పకు. కంప్యూటర్ చూసుకుంటది."

"కాదు సారూ, కార్డు మీద..."

"కార్డు మీద ఉన్నదే కావాలె మాకు."

దఫ్తర్లలో తిరిగి తిరిగి, టైపు చేస్తున్న మనిషితో వాదించకూడదన్న జ్ఞానం అందరిలాగే నర్సింలుకూ వచ్చింది. సూది గుచ్చుకుంది. పల్లీ చేనులో కాదు, సరిగ్గా ఒక ఇంటి మీద. ఆకాశం నుంచి తీసిన ఫొటోలో పెంకుటిళ్లు, సందులు, చెట్లు, అన్నీ కనిపిస్తున్నాయి. నేను తెరను అతని వైపు తిప్పాను.

"చూడు, ఇదేనా నీ ఇల్లు?"

నర్సింలు చెప్పులు విప్పి దగ్గరికొచ్చాడు. తెరకు ముక్కు ఆనించి చూశాడు. అతని మొహం మెల్లగా మెత్తబడింది.

"గిదే సారూ. గిదే మా ఇల్లు. గిది గొడ్ల కొట్టం. గీ అరుగు మీద్నే మా అవ్వ కూసుంటుండె." వేలితో తెరను నిమిరాడు. తన ఫోన్ తీసి ఆ తెర ఫొటో తీసుకున్నాడు. "మస్తు మంచి పని జేసిన్రు సారూ" అన్నాడు, కండువాతో కళ్లు ఒత్తుకుంటూ.

నా జియోకోడింగ్ చూసి ఒక రైతు కంటనీరు పెట్టుకున్నాడు. ప్రపంచంలో ఏ ఇంజినీరుకు ఈ భాగ్యం కలిగి ఉంటుందని ఆ రాత్రి అన్నం కూడా గర్వంగా తిన్నాను.

ఆదివారం పొద్దున విజయాన్ని కళ్లారా చూద్దామని నేనూ బండెక్కాను. చాచా వేరే పని చూసుకుని నేరుగా దావత్‌కే వస్తానన్నాడు.

"యాదగిరీ, ఒకటే మాట. దారిలో ఎవల్నీ అడగొద్దు. ఫోన్ చెప్పిందే ఫైనల్."

"ఎవల్ని అడగొద్దా సారూ?"

"ఎవల్నీ."

"దేవుణ్ని?"

"దేవుణ్ని కూడా."

"మంచిది" అన్నాడు యాదగిరి. చాయ్‌లు పోయిన మనిషి కసి ఎలా ఉంటుందో ఆ "మంచిది"లో నాకు వినిపించలేదు.

హైవే దిగాం. తారు రోడ్డు పోయి కంకర రోడ్డు వచ్చింది. ఒక మలుపులో టీవీఎస్ బండి మీద వల వేసుకుని పోతున్న మనిషి మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. కాస్త దూరం పక్కనే వస్తూ ఏదో అరిచాడు.

"ఏందో చెప్తుండు సారూ."

"చెప్పనీ. అద్దం ఎత్తు."

"గటు పోవద్దంటున్నట్టుంది."

"ఫోన్ ఏమంటున్నది?"

"పొమ్మంటున్నది."

"పో."

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. అడగకపోయినా ఎక్కడికైనా తీసుకుపోయేది మ్యాప్ ఒక్కటే. అలా పోగా పోగా దారి పల్లానికి దిగింది. కరెంటు స్తంభాలు మొదట నేల మీద ఉన్నాయి, తర్వాత మోకాలి లోతులో, ఆ తర్వాత పీకల దాకా నీళ్లలో. వాటి అవతల ఒక నీళ్ల ట్యాంకు తల మాత్రం బయటపెట్టి ఉంది, దాని మీద కొంగలు. రోడ్డు మాత్రం ఏమాత్రం జంకకుండా నేరుగా నీళ్లలోకి దిగిపోయింది.

యాదగిరి బండి ఆపాడు. ఫోన్ ప్రశాంతంగా చెప్పింది: "ఐదు వందల మీటర్ల తర్వాత మీ గమ్యం కుడివైపున ఉంది."

"పోనియ్యాల్నా సారూ?" అన్నాడు యాదగిరి.

నేను ఫోన్ లాక్కుని మ్యాప్‌ను పెద్దది చేశాను.

"ఫోన్ చెప్పిందే ఫైనల్ అన్నరు గదా. అందుకే అడుగుతున్న. అరె, అడగొద్దన్నరు. తప్పైంది."

టీవీఎస్ మనిషి వచ్చి బండికి స్టాండ్ వేశాడు. అతని పుట్టి పడవ అక్కడే ఒడ్డున బోర్లించి ఉంది. చేపలు పట్టడానికి ఎలాగూ అటే వస్తున్నాడట. నీళ్లను చూశాడు, కుర్చీలను చూశాడు, నన్ను చూశాడు.

"గీ ఊరు మునిగి ఏండ్లైంది సారూ. మీరేమో కుర్చీలు దెచ్చిన్రు. లోపట దావత్ ఉన్నదా?"

ఊరు మునిగేటప్పుడు నేను హైదరాబాద్ హాస్టల్లో మెస్ అన్నం బాగాలేదని ధర్నా చేస్తున్నాను. మ్యాప్‌కు కూడా ఆ వార్త అందలేదు. ఇద్దరం ఒకే బడిలో చదువుకున్నట్టున్నాం.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. బండిలోకెక్కి, పేర్చిన కుర్చీల మీదికెక్కి నిలబడితే ఒక్క గీత వచ్చింది. ఆ గీత కోసమే కాచుకున్నట్టు నర్సింలు నుంచి ఫోన్ వచ్చింది.

"సారూ, యాడున్నరు? వంటోళ్లు కూరగాయలన్నీ కోసి కూసున్నరు. బగోన ఒక్కటి లేదు."

"మీ ఇంటి దగ్గరికే వచ్చినం నర్సింలూ."

"మా ఇంటికాడికా? నేను ఇంటి ముంగటనే నిలవడ్డ. మీరు కనపడ్తలేరు."

"ఇంకొక అర కిలోమీటరు ఉంది."

"గట్లనా. గంతే అయితే వచ్చేస్తరు తియ్యి." అంతలోనే అతనికేదో అనుమానం వచ్చింది. "సారూ, మీకు నీళ్లు గిట్ల ఏమన్న కనపడుతున్నయా?"

"కొంచెం."

"కొంచెం అంటే?"

"అవతలి ఒడ్డు కనబడటం లేదు."

అతను పక్కనున్న ఎవరితోనో మెల్లగా చెప్పడం వినిపించింది: "అవ్వా, సారు మన పాత ఇంటికి పోయిండు."

"ఎట్లా పోయిన్రు సారూ?" అన్నాడు మళ్లీ నాతో.

"నువ్వే చూసి గిదే నా ఇల్లు అన్నవ్ గదా."

"మా ఇల్లే గదా సారూ. చానా దినాలైంది చూడక, పాపం మీరు చూపిస్తున్నరనుకున్న. సామాను గాడికి తెస్తరని ఎవరనుకుంటరు?"

అప్పటికి పదకొండు కావస్తోంది. మునిగిన ఊరివాళ్లకు ఇచ్చిన కాలనీ నీళ్లకు ఇంకో పక్కన, గుట్ట చుట్టూ తిరిగి పోవాలట. యాదగిరి బండి తిప్పబోయాడు. వెనక చక్రం ఒండ్రులో దిగి, ఇక ఇదే నా ఇల్లన్నట్టు కూర్చుంది. బరువు తగ్గిస్తే గానీ లేవదు. ముగ్గురం సామాను దింపడం మొదలుపెట్టాం. బగోనలు ఒక పక్క, పొయ్యిలు ఒక పక్క. కుర్చీలు బురదలో పడేస్తే చాచా ఊరుకోడని గట్టి నేల మీద వరుసగా వేశాం. మామూలు అలవాటు కొద్దీ యాదగిరి మధ్యలో నడవడానికి దారి కూడా వదిలాడు. అన్నీ నీళ్లకు ఎదురుగా. చూస్తే, కొంగల్లో ఒకటి లేచి ఉపన్యాసం మొదలుపెట్టడమే తరువాయి.

టీవీఎస్ మనిషి మొదటి వరుసలో కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు. "మటనా, చికెనా?" అని అడిగాడు.

నర్సింలే ట్రాక్టర్ తోలుకుంటూ వచ్చాడు. కొత్త తెల్లబట్టలు, నుదుట కుంకుమ. కోప్పడతాడని తల దించుకున్నాను. అతను కుర్చీలను, నీళ్లను మార్చి మార్చి చూసి, నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక ట్రాక్టర్ దిగాడు. "ముందుగాల బగోనలు ఎక్కియ్యున్రి. చుట్టాలు బస్సు దిగిన్రు" అన్నాడు. డీసీఎంకు తాడు కట్టి లాగేటప్పుడు వెనక నుంచి తోసింది నేను. చక్రం తిరిగింది. ఒండ్రు మొత్తం నా మీద గృహప్రవేశం చేసింది.

మేము చేరేసరికి కాలనీలో చుట్టాలు కొత్త ఇళ్ల గోడల నీడల్లో, ఆ నీడ జరిగిన కొద్దీ జరుగుతూ నిలబడి ఉన్నారు. "చెప్పినం గదా, గీడ అన్నం పుట్టదని" అని ఎవరో అంటున్నారు. అప్పుడు ఎసరు పెట్టారు. బంతి కూర్చునేసరికి సాయంత్రం చాయ్ తాగే వేళ అయింది. అంత ఆకలి మీద తింటే ఏ వంటైనా అమృతమే. "నర్సింలు దావత్ అంటే దావత్" అని, ఇందాక అన్నం పుట్టదన్న నోరే మూడోసారి పప్పు వేయించుకుంటూ అంది. నర్సింలు పరువు నిలిచింది. నిలబెట్టింది నేను కాదు, ఆకలి.

చాచా వచ్చి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"కుర్చీలు తడిసినయా?"

"లేదు చాచా."

"నువ్వు?"

"తడిసిన."

"మంచిగైంది" అని వడ్డన వైపు వెళ్లిపోయాడు.

మరునాడే వెబ్‌సైట్‌లో ఆనవాలు డబ్బా పెట్టాను, అన్నిటికంటే పైన, అన్నిటికంటే పెద్దది. బర్రెల్ని రాసినా కంప్యూటర్‌కు ఏమీ కాలేదు. కానీ అంతకు ముందు, ఆ సాయంత్రమే, నర్సింలు తల్లి కొత్త ఇంటి గడప మీద ఒంటరిగా కూర్చుని ఉంటే వెళ్లి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆకాశాన్ని, భూమిని, సమస్త ఉపగ్రహాలను సాక్షిగా పెట్టుకుని ప్రమాణం చేశాను.

"తప్పైంది అవ్వా. నోరు తెరిచి అడగకుండా ఇగ ఏ ఇంటికీ పోను. మీ పాత ఊరి తొవ్వ అయితే జన్మల తొక్కను. ఒట్టు."

అవ్వ నా ప్యాంటుకు ఎండిన ఒండ్రును వేలితో గీకి చూసింది.

"ఒట్టు వెనుకకు తీస్కో" అంది. "వచ్చే ఐతారం నన్ను గాడికి తోల్కపో. నేను ఏడుస్తనని నా కొడుకు తోల్కపోతలేడు. నువ్వు పరాయోనివి, నేను ఏడిస్తే నీకేంది."